శామీర్‌పేట దారిలో మా పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన సంగతి నాకు కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆఫీసులో మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ ఫోన్ చూశాను. కాలనీ పెద్దావిడ ఉదయం కాలం చేశారు, సాయంత్రం నాలుగింటికి అంత్యక్రియలు అని ఉంది. దాని కింద వరసగా దండాల బొమ్మలు, వాటి మధ్యలో ఎవరో ఇవాళ నీళ్ళ ట్యాంకర్ వస్తుందా రాదా అని అడిగారు. డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసటగా అనిపించింది, అంతే. పొద్దున ఆమె గేటు ముందు నుంచే కారు తీశాను. గుమ్మంలో చెప్పులు ఎక్కువగా కనిపించాయి కూడా. చుట్టాలొచ్చి ఉంటారనుకుని వెళ్ళిపోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్ళం. ఆమెది ఇక్కడి పాత వ్యవసాయ కుటుంబం. ఇప్పుడు మా కాలనీ ఉన్న నేలంతా ఒకప్పుడు వాళ్ళ పొలమే. కొడుకులు భూముల వ్యాపారంలోకి దిగారు, చిన్నకొడుకు పార్టీల వెంట కూడా తిరుగుతాడు. ఆమె మాత్రం ఆ పెద్ద ఇంటి అరుగు మీద ముతక నూలు చీరలో కాళ్ళు చాపుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ చేతిసంచుల్లో ఏమున్నాయో వాకబు చేసేది. "రాళ్ళు ఏరి ఏరి పొలం జేసినం. గిప్పుడు పొలం నిండ మళ్ళ రాళ్ళే వాతిన్రు" అని ప్లాట్ల హద్దురాళ్ళను చూపించి నవ్వేది.

నేను శామీర్‌పేట అవతల ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. రోజూ మేడ్చల్ నుంచి అక్కడికి కారులో వెళ్ళి రావాలి. ఆ సంగతి పెద్దమ్మ చెవిన పడిన రోజు నుంచీ నా కారు నాది కాకుండా పోయింది. ఆమె తల్లిగారి ఊరు కరీంనగర్ రోడ్డులో ఉంది. నెలకోసారైనా తమ్ముణ్ణి చూసి రాకపోతే ఆమెకు తోచదు. కొడుకుల కార్లు మూడున్నా ఎక్కేది కాదు, వాటిలో ఏసీ చలికి మోకాళ్ళు బిగుసుకుపోతాయట. నీ కారు ఎట్లాగూ అటే పోతుంది కదా, శామీర్‌పేటలో దించితే బస్సు ఎక్కుతాను అంది. సరేనన్నాను. మర్నాడు ఆమెతో పాటు ఒక గోనెసంచీ కూడా ఎక్కింది.

శామీర్‌పేట ఇంకా కొంత దూరం ఉందనగా కుడి పక్కన ఒక మట్టిబాట బండల వైపు పోతుంది. అక్కడ రాళ్ళు కొట్టుకు బతికే కుటుంబాల గుడిసెలు ఓ ఇరవై ఉంటాయి. కారు అటు తిప్పమంది. వీళ్ళ తాతలే పూర్వం పెద్దమ్మ వాళ్ళ పొలంలో బండ పగలగొట్టి బావి తవ్వారు. ఆ బావి నీళ్ళతోనే తమ ఇంట్లో మూడు తరాలు అన్నం తిన్నాయని ఆమె చెప్పింది. కాలనీ వేసినప్పుడు ఆ బావిని పూడ్చేశారు. అది ఎక్కడుండేదో కూడా చూపించింది, మా ఇంటి వెనక కార్లు పెట్టుకునే చోటు.

సంచీలో ఏముందా అని చూస్తే అన్నీ చిత్రమైన వస్తువులు. మెత్తబడిన పాత నూలు చీరలు, పగిలిన సైకిల్ ట్యూబులు, మడమల పగుళ్ళకు పూసే మైనం, సమ్మెటలకు వేసే వెదురు కర్రలు. సమ్మెట కర్ర బిరుసుగా ఉంటే దెబ్బ అదురు భుజానికి ఎక్కుతుందట, వంగి లేచే కర్ర అయితే మనిషి పదేళ్ళు ఎక్కువ పని చేస్తాడట. చీరలు మణికట్లకు చుట్టుకోవడానికి, ట్యూబులు చెప్పుల అడుగున వేసుకోవడానికి. ఇవన్నీ వాళ్ళు అడిగినవి. అడగనిది ఒక్కటి కూడా ఆమె సంచీలో ఉండేది కాదు.

ఇచ్చే పద్ధతి కూడా ఆమెది వేరు. ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. గోనెసంచీ నేల మీద పరిచి దాని మీద అన్నీ పెట్టి, పక్కకు జరిగి తమ్ముడి కూతురి పెళ్ళి సంగతి మాట్లాడేది. చేతికిస్తే ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద ఉంటాయని, అది తనకు నచ్చదని ఒకసారి చెప్పింది. వెళ్ళేముందు వాళ్ళ దగ్గర ఏదో ఒకటి తీసుకోవాల్సిందే. వాళ్ళు మర్చిపోతే తనే నోరు తెరిచి అడిగేది. చీపురో, కాలమైతే బండల మీది సీతాఫలాలో, కారం నూరుకునే చిన్న పొత్రమో. కారు వెళ్ళేటప్పుడు ఎంత నిండుగా ఉండేదో, అక్కణ్ణించి కదిలేటప్పుడు దాదాపు అంత నిండుగానూ ఉండేది. అవి మళ్ళీ తమ్ముడి ఊరికి బస్సెక్కేవి.

నాకు ఇదంతా గొప్పగా అనిపించిందని చెబితే అబద్ధం. ఆఫీసులో వేలిముద్ర మిషన్ ఉంది, అది పెద్దమ్మను ఎరగదు. ఆలస్యమైనప్పుడల్లా విసుక్కునేదాన్ని. ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్ళి ఇచ్చివద్దాం, ఇలా పొద్దున్నే నా ప్రాణం తీయకండి అన్నాను. ఆమె కిటికీలోంచి లారీలను చూస్తూ చెప్పింది.

"పనిగట్టుకొని పోతే దానమైతది బిడ్డా. దారిల పోతే ఇచ్చుడైతది."

ఇంకో తప్పు కూడా చేశాను. ఈ గోనెసంచీ సంగతి కాలనీలో నోరు జారాను. మా వాళ్ళకు ఉత్సాహం ముంచుకొచ్చి, వారం తిరిగేసరికి పెద్దమ్మ అరుగు నిండా మూటలు వచ్చి పడ్డాయి. జరీ ఊడిన పట్టుచీరలు, ఒంటి కాలి బూటు, గడువు దాటిన మందులు, పెళ్ళికొడుకు తలపాగా. ఆమె రెండు రోజులు కూర్చుని అన్నీ విప్పి చూసింది. తర్వాత ఏది ఎవరిదో వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చింది. నీ ఇంట్లో పనికిరానిది ఇంకో ఇంట్లో ఎట్లా పనికొస్తుంది అని ముఖం మీదే అడిగింది. తలపాగా వాళ్ళు ఆమెతో ఏడాది మాట్లాడలేదు. నేను ఇచ్చిన పిల్లల స్వెటర్లు కూడా వెనక్కి వచ్చాయి, మోచేతుల దగ్గర చిరుగులు కుట్టి ఇవ్వమని.

ఇక నేను చెప్పాల్సిన అసలు సంగతి ఇది. దీన్ని ఆమె బతికుండగా చెప్పలేకపోయాను.

నాలుగేళ్ళ కిందట ఒక ఏడంతా మాకు ఏదీ కలిసిరాలేదు. మావారి ఉద్యోగం పోయింది, నాకు ఆపరేషన్ అయింది, కుట్లు మానకముందే మా మామగారు మంచాన పడ్డారు. ఊళ్ళో మా అమ్మ ఎవరికో జాతకం చూపించి ఫోన్ చేసింది. నీకు ఏలినాటి శని నడుస్తోందే, శనివారం నాడు ఇనుము, నూనె, నువ్వులు, నల్లబట్ట ఎవరైనా లేనివాళ్ళకు ఇచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్ అంది. ఇలాంటివి నేను నమ్మనని పదిమందిలో అనేదాన్ని. నమ్మకపోయినా భయం వేస్తుంది. ఆ రోజుల్లో నాకు చాలా భయంగా ఉండేది.

సరిగ్గా అప్పుడే వానలు మొదలయ్యాయి. గుడిసెల వాళ్ళు పెద్దమ్మను టార్పాలిన్లు అడిగారు, ఆమె వాటిని బరకాలు అనేది. ఒక గుడిసెలో బాలింత ఉంది, పిల్ల పుట్టి పది రోజులు. పెద్దమ్మ మోకాలు వాచి కదల్లేని స్థితిలో ఉంది. నువ్వే రెండు బరకాలు కొనుక్కుపో, తెల్లవి తీసుకో, లోపల వెలుగుంటుంది, రేపే వెళ్ళు అని నాకు గురువారం నాడు చెప్పింది. నేను శుక్రవారం వెళ్ళలేదు. శనివారం దాకా ఆగాను. దుకాణంలో తెల్లవి ఉన్నాయి. నేను అడిగి మరీ నల్లవి తీసుకున్నాను. వాటికి తోడు నాలుగు ఇనుప పెనాలు, నూనె ప్యాకెట్లు, మా అమ్మ పంపిన నువ్వుల చిమ్మిలి డబ్బా. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒక్క దెబ్బకు తీరిపోతాయనుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

అవన్నీ ఒక బండ మీద పెట్టాను. అక్కడి ఆడవాళ్ళు వాటిని చూశారు, నన్ను చూశారు. పెట్టిపోండి అమ్మా అన్నారు మర్యాదగానే. వచ్చేశాను.

సోమవారం ఆ దారినే వెళ్తూ మట్టిబాటలోకి తిప్పాను. రెండు రోజులుగా వాన. టార్పాలిన్లు చుట్ట విప్పకుండా ఆ బండ మీదే ఉన్నాయి. పెనాలు తుప్పు పట్టాయి. చిమ్మిలి డబ్బాను కుక్క కూడా ముట్టలేదు. బాలింత గుడిసెలో మోకాళ్ళ మీద కూర్చుని, కారే చోట పిల్లకు పైన సత్తు తట్ట ఒకటి చేత్తో పట్టుకుని ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం మోసుకొచ్చి ఇస్తే విప్పడానికి కూడా బద్ధకమా అనుకున్నాను. సాయంత్రం పెద్దమ్మ అరుగెక్కి అదే మాట అన్నాను. ఆమె అంతా విని, ఏ దినం వెళ్ళావు అని ఒక్కటే అడిగింది. శనివారం అన్నాను. ఏమేమి ఇచ్చావో చెప్పమంది. నేను పెనం, నూనె, నువ్వులు, నల్లది అని చెబుతూంటే ఆ వరస నా చెవికే కొట్టినట్టు వినిపించింది.

మంగళవారం పొద్దున వాచిన మోకాలితోనే కారెక్కింది. గుడిసెల దగ్గర కోడలిని పట్టుకున్నట్టు నా భుజం పట్టుకుని బండ దాకా నడిచింది. అందరినీ పిలిచింది. మగవాళ్ళు సమ్మెటలు పక్కన పెట్టి వచ్చారు. అప్పుడు నన్ను, అవన్నీ తీసి ఒక్కొక్కటే తన చేతుల్లో పెట్టమంది. ఎవరి చేతికీ ఏదీ ఇవ్వని మనిషి, రెండు చేతులూ చాపి నా ముందు నిలబడింది. పెనాలు పెట్టాను. నూనె పెట్టాను. తడిసి బరువెక్కిన ఆ నల్ల చుట్టలు పెడుతూంటే ఆమె కాళ్ళు వణికాయి. అన్నీ రొమ్ముకు అదుముకుని వాళ్ళ వైపు తిరిగింది.

"సూసిన్రు గదా. గీమె నాకిచ్చింది. మీకిచ్చేది నేను. డెబ్బై దాటిన ముసల్దాన్ని, శని వట్టి నన్నేం జేస్తడు. మోకాళ్ళు ఎప్పుడో గుంజుకపోయె."

వాళ్ళు నవ్వారు. ఆమె అన్నీ గోనెసంచీ మీద పరిచింది. ప్రతిదానికీ బదులు ఏదో ఒకటి అడిగి తీసుకుంది. మేం కారెక్కేసరికి ఇద్దరు మగవాళ్ళు బాలింత గుడిసె మీద టార్పాలిన్ లాగి కడుతున్నారు. దారిలో ఆమె అడిగింది, తెల్లది చెబితే నల్లది ఎందుకు తెచ్చినవ్ అని. దుకాణంలో తెల్లవి లేవన్నాను. ఔనా అంది. శామీర్‌పేటలో దించితే బస్సెక్కింది.

ఆ తర్వాత మూడేళ్ళు నేను ఆమెను తీసుకెళ్ళాను. అక్కడివాళ్ళు నాతో మర్యాదగా మాట్లాడేవారు గానీ నన్ను ఏదీ అడిగేవారు కాదు. మేడం అనేవారు. నేను కారు పక్కన నిలబడి గడియారం చూసుకునేదాన్ని. ఆమె మోకాళ్ళు మాత్రం ఏటేటా పాడైపోయాయి. పోయిన ఏడాది స్నానాల గదిలో జారిపడింది, ఇక మంచమే. నాకు తెలుసు, అది వయసు, అరిగిన ఎముక, తడి గచ్చు. అయినా ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడల్లా ఆ నల్ల చుట్టలు ఆమె చేతుల్లో పెట్టిన క్షణమే గుర్తుకొచ్చేది. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. చెప్పిందంతా ట్రాఫిక్ గురించి.

ఆమె రోజూ సాయంత్రం అడిగేది, ఇయ్యాల గక్కడ ఆగినవా అని. టైం దొరకలేదనేదాన్ని. నిజానికి నేను ఒక్కదాన్ని వెళ్తే వాళ్ళు మళ్ళీ ఏదీ ముట్టరేమోనని భయపడ్డాను. ఇంత వయసొచ్చి, ఇరవై గుడిసెల ముందు అలా నిలబడే ఓపిక లేదు.

దశదినం ఘనంగా చేశారు. గేటు ముందు ఫ్లెక్సీలో ఆమె బొమ్మ కన్నా నాయకుల బొమ్మలే పెద్దవి. భోజనాలయ్యాక పెద్దకోడలు నన్ను లోపలికి పిలిచి, మంచం కింద నుంచి వెదురు కర్రల కట్ట ఒకటి లాగింది. మంచాన పడ్డాక కూడా ఎవరిచేతనో కొట్టించి, నూనె రాయించి పెట్టిందట. నా కారులో పెట్టమని చెప్పిందట. నేను వాటిని డిక్కీలో వేసుకున్నాను. రెండు వారాలు అక్కడే ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా లోపల గడగడమనేవి. రోజూ ఆ మట్టిబాట దాటుకుని ఆఫీసుకు వెళ్ళాను, రోజూ దాటుకుని ఇంటికి వచ్చాను.

ఇవాళ పొద్దున తిప్పాను. ధైర్యం వచ్చి కాదు, ఆ చప్పుడు వినలేక. కారు ఆగగానే ఇద్దరు ముగ్గురు లేచి వచ్చి ముందు సీటు వైపు చూశారు. అక్కడ నా చేతిసంచీ ఉంది. వాళ్ళకు కబురు తెలియదు. చెప్పాను. మగవాళ్ళలో ఒకాయన తలగుడ్డ తీసేశాడు. అప్పటి బాలింత దగ్గరకొచ్చింది, ఆమె కూతురు ఇప్పుడు చెప్పుల్లేకుండా కంకర మీద పరుగెడుతోంది. అవ్వకు నొప్పి ఎక్కువైందా, ఎవరినైనా గుర్తుపట్టిందా అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. అక్కడ నాకు ఏడుపొచ్చింది, ఆమె పోయిన మూడు వారాలు దాటాక. ఏడుస్తూనే అన్నాను, ఆ శనివారం నేను తెచ్చినవి నిజంగా శని దానమే, దుకాణంలో తెల్లవి ఉన్నా నల్లవి కొన్నాను, అవ్వకు అబద్ధం చెప్పాను, ఆమె తెలియక నా చేతి నుంచి అన్నీ తీసుకుంది అని.

ఆ పిల్ల తల్లి పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"మాకెరికె. నువ్వు మళ్ళి సూడకుంట పోతివి గద, గప్పుడే ఎరికె. అవ్వకు గూడ ఎరికె. ఎరుకుండే నీ తాన చెయ్యి చాపింది" అంది. కూతుర్ని దగ్గరకు లాక్కుని, "భయమైనోళ్ళను ఏం అడుగుతం అన్నది మాతోని" అంది.

నాకు ఏం చెయ్యాలో తోచక డిక్కీ తెరిచాను. గోనెసంచీ లేదు, నా పాత చున్నీ ఒకటి కనబడితే అదే నేల మీద పరిచి కర్రలు పెట్టాను. పక్కకు జరిగాను. మాట్లాడటానికి నాకు తమ్ముడి కూతురి పెళ్ళి లేదు. ఆమె ఒంగి ఒక్కో కర్ర తీసి మోకాలికి ఆనించి వంచి చూసింది. ఒకదాని దగ్గర ఆగి, ఇది పలిగింది, ఇది వద్దు అని తిరిగి డిక్కీలో పెట్టింది. మిగతావి మగవాళ్ళు తీసుకున్నారు.

బదులు ఏదో అడగాలి కదా. నాకేమీ తోచలేదు, గొంతు ఎండిపోయి ఉంది, మంచినీళ్ళు అడిగాను. గుడిసె పక్కన ట్యాంకరు నీళ్ళు పట్టుకునే పెద్ద డ్రమ్ము ఉంది. కుక్క ఒకటి ముందుకాళ్ళు దాని అంచున వేసి నిలబడితే రాయి విసిరి తోలింది. అందులోంచి కాదని, లోపల కుండలోంచి చెంబుతో తెచ్చిచ్చింది. తాగాను. చల్లగా ఉన్నాయి. చెంబు తీసుకుంటూ ఆమె అడిగింది.

"మళ్ళ ఎప్పుడు పోతవక్కా గిటుదిక్కు?"

రోజూ ఇటే పోతానన్నాను.

అయితే ఈ డ్రమ్ముకు మూత ఒకటి దొరుకుతుందేమో చూడమంది. కుక్కలు మూతి పెడుతున్నాయట. ఎంత పెద్దది అని అడిగితే లోపలికెళ్ళి సుతిలి తాడు తెచ్చింది. డ్రమ్ము మూతి చుట్టూ తిప్పింది, బొటనవేలితో అదిమిపట్టి అక్కడ ముడి వేసి, మిగిలింది పళ్ళతో కొరికేసింది. నా చేతిలో పెట్టింది.

ఆఫీసుకు నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. సాయంత్రం మేడ్చల్‌లో రెండు ప్లాస్టిక్ సామాన్ల దుకాణాలు తిరిగాను. తాడు చూపించి, ఉన్న ప్రతి మూత మీదా చుట్టి చూశాను. ఒకటి చిన్నది, ఒకటి మరీ పెద్దది. కాళ్ళు లాగుతున్నాయి. బస్టాండు అవతల ఇంకో దుకాణం ఉందన్నారు. తాడు వేలికి చుట్టుకుని అటు నడుస్తున్నాను.